కొండ లేని కొండ రేసు

ముందే చెబుతున్నాను, ఇది ప్రశాంతంగా రాసిన యాత్ర కాదు. మదనపల్లె చల్లని ఊరు, హార్స్‌లీ కొండ అందమైన కొండ, అక్కడి మనుషులు మంచివాళ్లు. అన్నీ నిజమే. కానీ నేను తిరిగొచ్చి నెల దాటింది, ఇప్పటికీ పొద్దున పళ్లు తోముకుంటుంటే అక్కడి ఒక సాయంత్రం గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది. వెళ్లనివాళ్లకి ఆ దారి చూపిద్దామని కూర్చున్నాను. మధ్యలో గొంతు పెరిగితే ఓర్చుకోండి.

ఎల్బీనగర్

నేనుండేది సరూర్‌నగర్‌లో. ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాని. ఒకప్పుడు సైకిల్ రేసులు తొక్కినవాణ్ణి గనక ఒక చిన్న క్లబ్బు పెట్టుకుని, పొద్దున్నే నలుగురైదుగురికి రోడ్డు రేసు నేర్పుతుంటాను. వాళ్లలో నవ్య ఒకతి. ఇరవై రెండేళ్లు. వాళ్లది పోచంపల్లి దగ్గర పల్లె. తండ్రి నర్సింహ మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు పెట్టాడు. పది నుంచి రాత్రి మూసేదాకా బిల్లులు కొట్టేది నవ్యే.

చదును రోడ్డు మీద నవ్యని ఎవరైనా దాటేస్తారు. సన్నటి పిల్ల, చివరి మూడొందల మీటర్లలో ఊపు చూపించే కండ లేదు. ఎత్తు మీద మాత్రం ఆమెను పట్టుకున్నవాళ్లని నేనింకా చూడలేదు. మా ఎల్బీనగర్‌లో కొండలెక్కడివి? విజయవాడ బస్సులు మొదలవకముందే ఫ్లైఓవర్ మీద ఇరవైసార్లు ఎక్కి దిగడం, ఆదివారమైతే అబ్దుల్లాపూర్‌మెట్ మీదుగా రాచకొండ గుట్టలదాకా పోవడం. రెండేళ్లు అదే పని.

అలాంటప్పుడు దక్షిణాది క్లబ్బుల రోడ్డు రేసు సర్క్యులర్ వచ్చింది. చివరి తొమ్మిది కిలోమీటర్లు హార్స్‌లీ కొండ ఎక్కుడు, ముగింపు కొండ మీద. మొదటి ముగ్గురికి ఏడాదిపాటు శిక్షణ శిబిరం, తిండి, బస, మంచి సైకిల్. ఇరవై మూడు లోపు వాళ్లకే. నవ్యకిదే ఆఖరి ఏడు. నేను ఆ కాగితం పట్టుకుని కొట్టుకి పోతే నర్సింహ చీర మడతపెడుతూ అంతా విన్నాడు.

"మూడు దినాలు ఇడుస్త సార్. గెలిచి క్యాంపుకు పోతె పోనీ, నేనేం అడ్డం రాను. గెల్వకుంటె మాత్రం ఇగ సైకిల్ బంద్. కొట్టు సూస్కోవాలె."

"సరే నాయనా" అంది నవ్య, నా వైపు చూడకుండానే.

గుత్తి

బడంగ్‌పేట్ యాదయ్య వ్యాను కిరాయికి మాట్లాడుకుని తెల్లవారుతుండగా బయల్దేరాం. నవ్య, సాయి, నేను. సాయి డిగ్రీ చివరి ఏడాది, మగపిల్లల రేసుకి. రెండు సైకిళ్లూ వ్యాను మీద తాళ్లతో కట్టాం. ఆరాంఘర్ దాటి బెంగళూరు హైవే ఎక్కాక యాదయ్య చెయ్యి హారన్ మీంచి దిగింది. దిల్‌సుఖ్‌నగర్‌లో హారన్ కొట్టకపోతే బండి కదలదని అతని నమ్మకం.

గుత్తిలో ఆగి ఉగ్గాని తిన్నాం. నానబెట్టిన బొరుగులకి పోపు పెట్టి పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. ప్లేటు నలభై. మా దగ్గర ఆ డబ్బుకి నాలుగు ఇడ్లీలొస్తాయి, చట్నీ రెండోసారి అడిగితే మొహం చిట్లిస్తారు. ఇక్కడ అడక్కుండానే ఇంకో బజ్జీ పడేశాడు. రేసుకి పోతూ బజ్జీలేమిటని నేను కసురుకుంటే నవ్య నా ప్లేటులోది కూడా తీసుకుంది.

తిని వచ్చి చూస్తే తాడు బిగుసుకుని నవ్య సైకిల్ వెనక గేర్లు పట్టి ఉంచే ముక్క వంగిపోయింది. తాడు కట్టింది నేనే, తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. బస్టాండు పక్కన ఒక ముసలాయన సైకిళ్లు బాగుచేస్తుంటే తీసుకుపోయాం. ఆయన దాన్ని చేత్తో తడిమి చూశాడు.

"ఇంత పెద్ద సైకిల్‌కి ఇంత చిన్న ముక్క పెట్టినారేందప్పా? యాడికి పోతాండారు?"

"హార్స్‌లీ కొండకి. రేసు."

"ఈ పాప ఎక్కుతాదా కొండ?"

"ఎక్కుత తాతా" అంది నవ్య.

ఆయన స్పానరు పెట్టి, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి చూసుకుంటూ అరగంటలో సరిచేశాడు. ఇరవై రూపాయలు తీసుకుని, దిగేటప్పుడు బ్రేకులు చూసుకోమని నవ్యకి రెండుసార్లు చెప్పాడు. రేసులో ఎక్కే అవసరమే రాదని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

మదనపల్లె

ఊళ్లోకి పోతుంటేనే టమాటా వాసన. లారీలు, గుట్టలుగా డబ్బాలు, వేలం పాటలు. ఒక రైతు కిలోకి ఆరు రూపాయలు కూడా పడలేదని చెప్పాడు. ముందురోజే మా ఇంట్లో కిలో ముప్పైకి కొన్నాం. మధ్యలో ఇరవై నాలుగు ఎవరు తిన్నారని యాదయ్య ఆయన్ని అడిగాడు, ఆయనే తిన్నట్టు. రైతు నవ్వి ఒక సంచీలో రెండు కిలోలు పోసి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు.

రాత్రికి రాగి సంగటి, ఊరిబిండి. వేయించిన వేరుశనగ, ఎండుమిర్చి రోట్లో నూరిన పచ్చడి అది. సంగటిని నమలకుండా మింగాలని హోటలాయన నేర్పించాడు. మా జొన్నరొట్టె ముందు ఇది ఆగదని యాదయ్య వాదించాడు గానీ మూడు ముద్దలు లాగించాడు.

కొండ మీద

మర్నాడు దారి చూసుకోవడానికి పోయాం. కొండ కింద క్రాసు దగ్గర నవ్యని, సాయిని దింపి, వెనక వ్యానులో నేను. సాయి సగం కూడా ఎక్కకుండానే వ్యానెక్కాడు. మలుపు తర్వాత మలుపు. మొదటి రెండు కిలోమీటర్లు పళ్లు బిగపట్టింది, తర్వాత భుజాలు వదులయ్యాయి. ఆ పిల్ల అలసిపోయాక తేలికవుతుంది. ముప్పై మూడు నిమిషాల్లో పైకి చేరింది. నా గడియారం నేనే నమ్మలేదు. కిందటేడు గెలిచినామెకి ముప్పై ఆరు పట్టిందని విన్నాను. వ్యాను దిగి ఒక్కణ్ణే రోడ్డు మీద చప్పట్లు కొట్టాను, సిగ్గు కూడా పడలేదు.

వ్యానులో దిగివస్తూ సగంలో ఒక మలుపు దగ్గర రెడ్డెమ్మ అనే ఆవిడ టీ బంకు ఉంటే ఆగాం. టీ పది. ఉడకబెట్టిన గుగ్గిళ్లు ఆకులో పెట్టి ఇచ్చింది.

"పోయినేడు వచ్చినోళ్లు శానామంది ఈ మలుపులోనే దిగేసినారు" అంది. "ఒకడైతే నా బల్ల మీద పడుకోని ఏడ్చినాడు. నువ్వు ఆగకుండా పోతివి గదా పాపా, చూస్తా ఉండా."

"రేపు గూడ ఆగ."

"రేపు బిందెతో నీళ్లు పెట్టుకోని నిలబడతా. మొహాన కొడతా, ఏమనుకోవాకు."

నవ్య అంతలా నవ్వడం నేను కొట్లో ఎప్పుడూ చూడలేదు.

కల్యాణమండపం

ఆ సాయంత్రం మేనేజర్ల సమావేశం. పదిహేను క్లబ్బులు. నిర్వాహక కార్యదర్శి నున్నటి మనిషి, గంధం బొట్టు, చేతిలో కాగితాలు.

"ఒక చిన్న మార్పు సార్. కొండ తీసేసినాము. బైపాస్ మీదే రౌండ్లు. అయిదు కిలోమీటర్ల రౌండు, ఆడపిల్లలకి ఎనిమిది, మగపిల్లలకి పన్నెండు."

కాసేపు నాకు అర్థమే కాలేదు. పెళ్లికి పిలిచి, పెళ్లికొడుకు లేడు గానీ భోజనాలు ఉన్నాయని చెప్పినట్టుంది.

"ఎందుకు తీసిన్రు?" అన్నాను.

"సేఫ్టీ సార్."

"ప్రమాదం దిగేకాడ ఉంటది. మనోళ్లు ఎక్కుతున్రు, ఎవరు దిగుతున్రు? రేసు పైననే అయిపోతది గద."

"ముఖ్య అతిథి పెద్దాయన. కొండ మీదికి రాలేడు. పదకొండుకి ప్రైజులిచ్చి పోవాల."

నేను అరిచాను. బాగా అరిచాను. బళ్లారి నుంచి వచ్చిన ముసలి కోచ్ ఒకాయన నా మోచెయ్యి పట్టి పక్కకి తీసుకుపోయాడు.

"ఊరికే అరిచి ఏం లాభమప్పా? పోయినేడు కొండ పెడితే సగం మంది టైముకి రాలేదు. టైముకి రానోళ్లకి సర్టిఫికెట్ ఇయ్యరు గదా. తల్లిదండ్రులు ఈయన ఇంటికాడికి పోయి గలాటా చేసినారు. కొండ తీసినాడంటే అందుకు."

అదీ సంగతి. మన దేశవాళీ రోడ్డు రేసులు ఎందుకింత చప్పగా ఉంటాయని ఇన్నేళ్లూ లోపల్లోపల తెలిసీ అడగని ప్రశ్నకి జవాబు. చదును మీద గాలికి ముందున్నవాడే రొమ్ము అడ్డం పెడతాడు, వెనకున్నవాళ్లు వాడి నీడలో సుఖంగా తొక్కుతారు. ఎవరు ముందుకి ఉరికినా గుంపు మింగేస్తుంది. అందరూ కలిసి వస్తారు, అందరికీ ఒకే సమయం రాస్తారు, అందరికీ సర్టిఫికెట్. దానితో క్రీడా కోటాలో సీటు, ఉద్యోగం. కొండ వస్తే ఆ నీడ ఉండదు, ఎవరి బరువు వాళ్లే మొయ్యాలి. నిమిషాల తేడాలు బయటపడతాయి. అందుకని కొండనే పీకేశారు. ఇలాంటి రేసుల్లో గెలిచి ఇక్కణ్ణుంచి బయటి దేశాలకి పోయిన మనవాళ్లు మొదటి ఎత్తులోనే వెనకబడితే, మన నేలలో బలం లేదని అందరం కలిసి నిట్టూరుస్తాం. నేల ఏం చేసింది పాపం?

అప్పటికీ చేతిలో ఒక పట్టు ఉంది. ముందు పంపిన దారి మార్చాలంటే వచ్చిన మేనేజర్లందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు పెట్టకపోయినా పాత దారే. ఇది వాళ్ల నిబంధనల్లోనే ఉంది. కాగితం బల్లల మీద తిరుగుతోంది. సంతకాలయ్యాకే వడ్డన అన్నారు. లోపల్నుంచి కోడికూర వాసన. పద్నాలుగు మంది పెట్టేశారు. పదిహేనో గడి నాది. పెట్టనన్నాను. పద్నాలుగు మంది ఆకలితో నన్నే చూస్తున్నారు.

అప్పుడు సాయి తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలి మాటలు వాడికి బయటికి వినపడ్డాయట.

"సార్, కొండ ఉంటె నేను టైముకు రాను. పొద్దున చూసిన గద, నాతోని కాదు. గా సర్టిఫికెట్ లేకుంటె నా పోలీసు కోటా పోతది సార్. మా అమ్మకు ఏం చెప్పాలె?"

నవ్య అక్కడ లేదు. బసలో కాళ్లు చాపుకుని రేపటి కొండ గురించి ఆలోచిస్తూ ఉండి ఉంటుంది. ఎదురుగా ఉన్నవాడి మొహం చూశాను, లేని పిల్ల మొహం చూడలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. నా ఉద్యోగం వచ్చింది కూడా ఇలాంటి కాగితం మీదే. ఇరవై ఏళ్ల కిందట ఒక చదును రేసులో గుంపు మధ్యలో దాక్కుని వచ్చాను. ఎన్నో స్థానమో ఇప్పుడు గుర్తులేదు, సమయం మాత్రం విజేతతో సమానం.

సంతకం పెట్టాను. పేరు, క్లబ్బు పేరు, తేదీ. తేదీ కూడా వేశాను. వెంటనే వడ్డించారు, నేను తిన్నాను కూడా.

బసకి వచ్చి నవ్యతో కొండ తీసేశారని చెప్పాను.

"ఎందుకు సార్?"

"వాళ్ల ఇష్టం."

ఆమె గోడకి ఆనించిన సైకిల్ వైపు చూసి, "రౌండ్లల్ల గెలుస్తనా సార్?" అని అడిగింది. ట్రై చెయ్యి అన్నాను.

బైపాస్

పొద్దున ఎనిమిదికి ఆడపిల్లల రేసు. రోడ్డుకి ఆ చివరొక నీలం నీళ్ల డ్రమ్ము, ఈ చివరొకటి. వాటి చుట్టూ తిరిగి రావడమే పోటీ. డ్రమ్ము దగ్గర అందరూ బ్రేకు వేసి నడక వేగానికి దిగాలి, మళ్లీ లేవాలి. ఆ లేవడం కండ ఉన్నవాళ్ల పని. నవ్య మూడో రౌండులో ఒంటరిగా ముందుకి ఉరికింది. రెండొందల మీటర్ల దూరం పెంచింది. గుంపు ఏ తొందరా లేకుండా వచ్చి మింగేసింది. అయిదో రౌండులో మళ్లీ. ఏడులో మళ్లీ, ఈసారి ఎదురుగా ముఖ్య అతిథి కోసం పూలదండలు తెస్తున్న కారు దారిలోకి దూరింది. పక్కకి తప్పుకుని, ఆగి, కాలు కింద పెట్టింది. నేను కారు అద్దం మీద చేత్తో కొట్టాను. డ్రైవరు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

చివరికి ముప్పై ఎనిమిది మంది ఒక్క గుంపుగా వచ్చారు. నవ్య పదకొండు. సమయం విజేతతో సమానం. గెలిచిన అమ్మాయి ముందురోజు కొండ మీద రెడ్డెమ్మ బంకు దాకా కూడా తొక్కలేక వ్యానెక్కింది, నేను చూశాను. ఆమె తప్పేం లేదు, పెట్టిన పోటీలో గెలిచింది. సాయికి కూడా సమాన సమయమే, వాడికి కావలసిన కాగితం వచ్చింది. పదకొండుకి పోవలసిన పెద్దాయన పన్నెండున్నరకి వచ్చి, యువత శిఖరాలు అందుకోవాలని మాట్లాడాడు. ఆ శిఖరం ఆయన వీపు వెనకే కనబడుతోంది.

ఫలితాలు గోడకి అతికించారు. నవ్య పోయి చూసింది. పక్కనే మేనేజర్ల సంతకాల కాగితం కూడా అతికించి ఉంది. నేను దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. ఆమె వేలు ఒక్కొక్క గడీ దిగుతూ పదిహేనో దగ్గర ఆగింది.

తిరుగు దారి

వ్యాను కదిలాక నవ్య ఒక్కటే అడిగింది. కొండ మీదికి ఒకసారి పోదామంది, రెడ్డెమ్మకి చెప్పాలట. పోయాం. ఆవిడ రోడ్డు పక్కనే నిలబడి ఉంది, బిందె మీద చెంబు బోర్లించి.

"యాడికి పోయినారు అందరూ? పొద్దున్నించి చూస్తా ఉండా. ఒక్క సైకిలూ రాలేదే."

"రేసు కిందనే అయింది అమ్మా" అంది నవ్య.

"కొండ రేసు కింద ఎట్లయితాది?"

ఆవిడ ఆ నీళ్లే గ్లాసుల్లో పోసి మాకు తాగడానికి ఇచ్చింది. టీ కూడా పెట్టింది, డబ్బులివ్వబోతే వద్దంది.

కదిరి దాటాక నవ్య కిటికీలోంచి చూస్తూనే అడిగింది.

"సార్, మీరు పెట్టకుంటె కొండ ఉండేది గద?"

"ఉండేది."

"మరి ఎందుకు పెట్టిన్రు?"

సాయి తల వంచుకున్నాడు. వాడి గురించి చెప్పడం నాకు చేతకాలేదు. నా ఉద్యోగం గురించి చెప్పడం అంతకన్నా చేతకాలేదు. అందరూ పెట్టారని అన్నాను. ఆమె ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

అసలు పరిష్కారం అనంతపురం దగ్గర తట్టింది, ఎప్పుడూ బుద్ధి బండెక్కాకే వస్తుంది కదా. కొండ ఉంచండి. ఎక్కిన ప్రతివాడికీ కాగితం ఇవ్వండి, ఆఖరివాడు సాయంత్రానికి వచ్చినా సరే. కాకపోతే ఎంతసేపట్లో ఎక్కాడో, ఎన్నోవాడో దాని మీద నిజం రాయండి. ఒక రోజు బదులు రెండు రోజులు పెట్టండి, ఒకరోజు చదును, ఒకరోజు కొండ. డ్రమ్ములు నీళ్లు పట్టుకోవడానికి వాడండి. సాయికి కాగితం దక్కేది, నవ్యకి కొండ దక్కేది. ఈ నాలుగు మాటలు ఆ హాల్లో నిలబడి చెబితే ఒప్పుకునేవాళ్లేమో, ఒప్పుకోకపోయేవాళ్లేమో. నేను అరవడమే చేశాను, చెప్పడం చెయ్యలేదు.

దిల్‌సుఖ్‌నగర్

వచ్చిన వారానికి ఇవన్నీ ఉత్తరంగా రాసి నిర్వాహకులకి పంపాను. జవాబు రాలేదు. నకలు ఒకటి నవ్యకి చూపిద్దామని కొట్టుకి పోయాను. పెళ్లిళ్ల రోజులు, కొట్టు నిండా జనం. నన్ను చూడగానే నర్సింహ గద్దె మీంచి లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇకత్ చీరల వెనక గోడ మీద నవ్య సర్టిఫికెట్, బంగారు రంగు ఫ్రేములో. విజేతతో సమాన సమయం అన్న మాట కింద ఎవరో ఎర్ర గీత కూడా గీశారు.

"ఫస్ట్ వచ్చిన పిల్లతోని సమానమంట గద సార్. వచ్చినోళ్లందరికి చూపిస్తున్న. సైకిల్ బంద్ చేసింది, కాని గిది మాత్రం ఉంటది."

నవ్య బిల్లు కొడుతోంది. పలకరిస్తే తలూపింది. ఉత్తరం ఆమె ముందు బల్ల మీద పెట్టాను. దాని మీద ఒక చీర పడింది, తర్వాత ఇంకొకటి.

నర్సింహ నాకు చాయ్ తెప్పించాడు. ఒక శాలువా కూడా భుజాన కప్పాడు, నేను వద్దంటున్నా వినలేదు. తర్వాత పక్కకి వంగి గొంతు తగ్గించాడు.

"సార్, మా చిన్నదానికి గూడ గిసోంటిది ఒకటి ఇప్పియ్యిరి. ఇంటర్ల ఉన్నది, కోటాకు పనికొస్తది. దానికి సైకిల్ అంత మంచిగ రాదు. నడుస్తదా?"

నేను నోరు తెరిచేలోపే కౌంటర్ వెనకనుంచి నవ్య జవాబు చెప్పింది, బిల్లు మీంచి తల ఎత్తకుండానే.

"నడుస్తది నాయనా. సార్ సంతకం పెడ్తడు."